ఎంపీ గారి ‘పనుల నివేదిక’ ఇంటికొచ్చింది. ఇందులో ఆయన నిజంగా చేసిందెంత?

ప్రశ్న క్లుప్తంగా ఇది. గోదావరి డెల్టాలోని ఒక ఊళ్ళో ఉంటున్న తమ్ముడికి వాళ్ళ ఎంపీ గారి తరఫున రంగుల పుస్తకం వచ్చింది. సైబర్ భద్రత, స్థానిక సమస్యలు, ఆరోగ్యం అని అందులో మూడు భాగాలున్నాయి. సైబర్ మోసాలపై లోక్‌సభలో గళమెత్తారని, కాలేజీల్లో అవగాహన సదస్సులు పెట్టించారని, కాజ్‌వేకి నిధులు తెచ్చారని, ఆసుపత్రికి అంబులెన్సు ఇచ్చారని, వైద్య సాయం చెక్కులు పంచారని రాశారట. ‘ఇందులో ఆయన చేసిందెంత, ప్రభుత్వం చేసినదాని పక్కన నిలబడి ఫొటో దిగిందెంత? మేం ఏం అడగాలి?’ అని ఈ తమ్ముడి సందేహం. ఏ నియోజకవర్గమో ఆయన రాయలేదు, నేనూ అడగను. ఎక్కడైనా లెక్క ఒకటే.

నేను జిల్లా ముఖ్య ప్రణాళిక అధికారి కార్యాలయంలో పనిచేసి రిటైరయ్యాను. ఎంపీ నిధుల ఫైళ్ళు చాలా ఏళ్ళు నా టేబుల్ మీదుగానే వెళ్ళాయి. అన్ని పార్టీల వాళ్ళ సిఫారసు లేఖలూ చూసినవాణ్ణి కాబట్టి పార్టీల గొడవ లేకుండా చెబుతాను.

ఎంపీ చేతిలో ఉండే పనిముట్లు నాలుగే. సభలో అడగడం, కమిటీలో కూర్చోవడం, మంత్రికో అధికారికో ఉత్తరం రాయడం, తన కోటా నిధులకు పనులు సిఫారసు చేయడం. ఆ పుస్తకంలో ప్రతి వాక్యం పక్కన ఈ నాలుగింటిలో ఏదో ఒకటి పెన్సిలుతో రాసుకుంటూ వెళ్ళండి. ఏదీ రాయడానికి కుదరకపోతే అది ఫొటో కిందే లెక్క. నిజానికి సగం పుస్తకం అక్కడే తేలిపోతుంది.

సైబర్ భాగంతో మొదలుపెడదాం, అసలు సంగతంతా అక్కడే ఉంది. ‘గళమెత్తారు’ అంటే ఏమిటో ముందు చూడాలి. ప్రశ్న వేశారా, జీరో అవర్లో రెండు నిమిషాలు మాట్లాడారా, ముందే రాసిచ్చిన సమస్యని 377 నిబంధన కింద చదివారా? అన్నీ పార్లమెంటు వెబ్‌సైటు ‘సంసద్’లో సభ్యుల పేర్లతో ఉంటాయి, డబ్బు కట్టక్కర్లేదు. లోక్‌సభలో ప్రశ్నలుండే రోజున నోటితో జవాబు చెప్పేవి 20, రాతపూర్వకంగా ఇచ్చేవి 230 తీసుకుంటారు. ఏది ముందుకొస్తుందో లాటరీ తేలుస్తుంది. ఒకే విషయం అడిగిన నలుగురైదుగురి పేర్లు ఒకే ప్రశ్న కింద కలిపేస్తుంటారు కూడా. అందుకని ‘ఇన్ని ప్రశ్నలు వేశారు’ అన్న అంకెకి నేను పెద్ద విలువివ్వను. ఇంకో సంగతి, మీ ఎంపీ కేంద్రమంత్రి అయితే ఆయన పేరు మీద ప్రశ్నలే ఉండవు. మంత్రులు జవాబు చెప్పేవాళ్ళే తప్ప అడిగేవాళ్ళు కారు. సున్నా చూసి తిట్టుకోవద్దు.

అంకె వదిలేసి జవాబు కాగితం తెరిచి ప్రశ్న చదవండి. సైబర్ నేరాల మీద హోంశాఖ ఇచ్చే జవాబు దాదాపు ప్రతిసారీ ఒకే వాక్యంతో మొదలవుతుంది: రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్రాల పరిధిలోనివి. తర్వాత ఢిల్లీలోని సైబర్ నేరాల సమన్వయ కేంద్రం, సైబర్ మోసాల ఫిర్యాదుకి ఉన్న 1930 నంబరు, ప్రచార కార్యక్రమాలు వరసగా వస్తాయి. ‘సైబర్ నేరాల నివారణకు ప్రభుత్వం తీసుకున్న చర్యలేమిటి?’ అని అడిగితే ఈ వరసే చేతికొస్తుంది. అది అడిగినా ఒకటే, అడక్కపోయినా ఒకటే. అదే ‘ఆంధ్రప్రదేశ్ నుంచి 1930కి వచ్చిన ఫిర్యాదుల్లో ఎంత డబ్బు ఆపగలిగారు, ఆపినదాంట్లో బాధితులకు తిరిగి వెళ్ళిందెంత?’ అని అడిగితే మాత్రం లెక్క చెప్పాలి, తప్పించుకోవడం కష్టం. పుస్తకంలో ఉన్న ప్రశ్న ఈ రెండింటిలో ఏ రకమో చూడండి చాలు.

ఎందుకంత పట్టింపంటే మా వీధిలో జరిగింది చెబుతాను. ఒకమ్మాయికి కాన్పయి నెల తిరక్కుండానే ఫోనొచ్చింది. ‘జిల్లా ఆసుపత్రి నుంచమ్మా, మీకు కాన్పు డబ్బులు పడాలి, ఖాతా లింకు కాలేదు’ అన్నాడు. బిడ్డ పుట్టిన తారీకు, ఆసుపత్రి పేరు, బరువు కూడా చెప్పాడు. అంతకన్నా దారుణం, ఆ ఊరి ఆశా కార్యకర్తని కూడా అదే లైన్లో కలిపాడు. ‘పై ఆఫీసు నుంచి’ అని ఆవిడకి ముందే చెప్పి నమ్మించాడన్నమాట. ‘సారు అడుగుతున్నది చెప్పవే’ అని ఆశాయే అనేసరికి ఈ పిల్లకి ఇంక అనుమానం ఎక్కడుంటుంది? వాట్సాప్‌లో ఒక క్యూఆర్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే జమవుతుందన్నాడు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదన్న సంగతి ఆ టెన్షన్‌లో ఎవరికీ తట్టలేదు. కువైట్ నుంచి ఇంటాయన పంపిన డబ్బు ఖాతాలోంచి ఊడ్చుకుపోయింది.

మీ పుస్తకంలో మూడు భాగాలుగా విడగొట్టిన సైబరూ, ఊరూ, ఆరోగ్యమూ ఈ ఒక్క ఫోన్లోనే ఉన్నాయి చూడండి. వాడికి బిడ్డ బరువెలా తెలిసింది? ఎక్కడో లబ్ధిదారుల జాబితా బయటికి పోయింది. ఇది మన ఒక్క ఊరి జబ్బేమీ కాదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లను దుండగులు లాక్ చేస్తే రోజుల తరబడి ఓపీ చీటీలు చేత్తో రాసుకున్నారు. 2023 జూన్‌లో కోవిన్‌లో కరోనా టీకాకి నమోదైన వాళ్ళ వివరాలు టెలిగ్రామ్‌లో దర్శనమిచ్చాయని పెద్ద గొడవైంది. ఇలాంటి దాడులు జరిగితే 6 గంటల్లోగా తెలియజేయాలని, సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లోనే ఆదేశాలిచ్చింది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు నోటిఫై అయ్యేసరికి 2025 నవంబరు. మీ ఎంపీ ఈ చట్టం గురించి, అందులోనూ ఆరోగ్య పథకాల జాబితాల గురించి ఒక్కసారైనా నిలదీసి ఉంటే అది పని. ఆరోగ్య వివరాల్ని డిజిటల్ రూపంలో కలిపే ఆభా కార్డు చేయించుకోమని ఊరూరా చెప్పే ప్రభుత్వం ఆ వివరాలకు ఏం కాపలా పెట్టిందో అడగాల్సింది మన తరఫున వెళ్ళినవాళ్ళే కదా.

ఆ అమ్మాయి సంగతి ఏమైందని అడుగుతారు. అత్తగారికి తెలిస్తే తిడుతుందని మర్నాటి దాకా చెప్పలేదు. 1930కి వెంటనే చేస్తే ఏమవుతుందంటే, డబ్బు వెళ్ళిన ఖాతాకి, అక్కణ్ణుంచి వెళ్ళిన ఖాతాలకి వరసగా కబురు వెళ్తుంది. ఇంకా డ్రా కాని సొమ్ము ఉంటే అక్కడికక్కడే ఆగుతుంది. గంటల్లో నాలుగైదు ఖాతాలు దాటేసే డబ్బు కోసం తెల్లారాక ఫోన్ చేస్తే దొరికేది అడుగూబొడుగే. ఆగిన డబ్బైనా చేతికి రావడానికి చాలాసార్లు కోర్టు ఉత్తర్వు కావాలి. బ్యాంకు తప్పు వల్ల డబ్బు పోతే ఎప్పుడు చెప్పినా సరే, మధ్యలో ఎవరో చొరబడి పోతే 3 పనిదినాల్లో చెబితే, ఖాతాదారుకు నష్టం ఉండకూడదని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో చెప్పింది. కానీ పిన్ మనమే కొడితే, బ్యాంకుకి చెప్పేదాకా జరిగిన నష్టం మనదే అంది అదే సర్క్యులర్. మోసపోయేవాళ్ళలో ఎక్కువమంది తమ చేత్తోనే పిన్ కొడుతున్నప్పుడు ఈ గీత ఎక్కడ గీయాలన్నది పార్లమెంటులో చర్చకు రావాల్సిన విషయం. 2023లో పార్లమెంటు ఆర్థిక వ్యవహారాల స్థాయీ సంఘం (కమిటీ) సైబర్ నేరాల మీద నివేదికిస్తూ, బాధితులకు పరిహారం తనంతట తానే అందే పద్ధతి ఉండాలని సిఫారసు చేసింది కూడా. మీ ఎంపీ ఆ సిఫారసు ఏమైందని అడిగారా?

కమిటీల మాట వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. శాఖలవారీ స్థాయీ సంఘాలు 24 ఉంటాయి, ఒక్కోదాంట్లో లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10 మంది. కెమెరాలు ఉండవు కాబట్టి అరుపులు ఉండవు, అధికారుల్ని కూర్చోబెట్టి అడుగుతారు. మీ ఎంపీ ఏ కమిటీలో ఉన్నారో పుస్తకంలో రాయకపోతే నాకు ఆశ్చర్యమే, ఎందుకంటే అసలు పని జరిగే చోటు అదే. దానికి బదులు ‘ప్రైవేటు బిల్లు పెట్టారు’ అని పెద్దక్షరాల్లో ఉంటే మాత్రం పొంగిపోకండి. స్వాతంత్య్రం వచ్చినప్పట్నుంచీ అలా మంత్రి కాని సభ్యులు పెట్టిన బిల్లుల్లో చట్టమైనవి 14, ఆఖరిది 1970లో.

కాలేజీల్లో సదస్సుల గురించి నా అభిప్రాయం కాస్త కటువుగానే ఉంటుంది. పిల్లలు అక్కడే కూర్చుని ఉంటారు, మైకుంటుంది, ఫ్లెక్సీ కడితే చాలు, పని అయిపోతుంది. మోసపోతున్నది మాత్రం బాలింతలు, పెన్షనర్లు, గల్ఫ్ నుంచి డబ్బొచ్చే ఇళ్ళు. వీళ్ళకి చెప్పాలంటే డ్వాక్రా సంఘం మీటింగుకి వెళ్ళాలి, పీహెచ్‌సీలో నెలనెలా ఆశాలు కలిసే రోజున వెళ్ళాలి. మా వీధి అమ్మాయి కథలో ముందు మోసపోయింది ఆశాయే కదా! కాలేజీ పిల్లలకి చెప్పాల్సింది వేరే ఉంది. నాలుగు వేలిస్తానంటే బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు అద్దెకివ్వొద్దని. దోచిన డబ్బు దాటేది అలాంటి ఖాతాల మీదుగానే, మొదట పట్టుబడేదీ ఆ కుర్రాళ్ళే. కంబోడియాలోనో మయన్మార్‌లోనో డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్ళి, పాస్‌పోర్టులు లాక్కుని, వాళ్ళచేత మనవాళ్ళకే ఫోన్లు చేయించే ముఠాల సంగతీ చెప్పాలి. అలా చిక్కుకున్నవాళ్ళ కోసం విదేశాంగ శాఖకు ఎంపీ రాసే ఉత్తరం నిజంగా పనిచేస్తుంది. మీ పుస్తకంలో అలా ఒక్కర్ని వెనక్కి రప్పించినట్టున్నా నేను మార్కులేస్తాను.

ఇంకొకటి, మన ప్రాంతపు వ్యాపారులకే బాగా తెలిసిన తలనొప్పి. అంబాజీపేటలో కొబ్బరి కొని ఉత్తరాదికి పంపే వ్యాపారి ఖాతాలో అక్కడి పార్టీ డబ్బేస్తాడు. ఆ డబ్బు ఎక్కడో మోసంలో చేతులు మారిందని ఇంకో రాష్ట్రం పోలీసులు బ్యాంకుకి రాస్తే, లారీ సరుకు డబ్బుతో పాటు మొత్తం ఖాతా స్తంభించిపోతుంది. రైతులకి ఇవ్వాల్సినవి ఆగిపోతాయి. రొయ్యల వ్యాపారంలోనూ ఇదే బాధ. అనుమానం ఉన్న మొత్తం వరకే ఆపండి, ఖాతా అంతా బిగించకండి అని హోంశాఖనీ, ఆర్థిక శాఖనీ అడగాల్సింది ఎంపీయే. బ్యాంకులు, టెలిఫోన్లు కేంద్రం పరిధి. సైబర్ పోలీసు స్టేషన్లో సిబ్బంది లేరు, ఎఫ్ఐఆర్ కట్టట్లేదు అంటే మాత్రం ఎమ్మెల్యేని పట్టుకోవాలి. ఈ తేడా తెలియక జనం ఒకరి పని ఇంకొకర్ని అడుగుతారు. వాళ్ళు కూడా ‘అది నా పరిధి కాదు’ అనకుండా చూద్దాం చేద్దాం అని పంపేస్తారు.

స్థానిక సమస్యల భాగం త్వరగా చెప్పేస్తాను. ఎంపీ కోటా ఏడాదికి 5 కోట్లు. లోక్‌సభ స్థానంలో 7 అసెంబ్లీ నియోజకవర్గాలు. భాగిస్తే ఒక్కోదానికి 71 లక్షలు చిల్లర. అందులోనూ ఎస్సీలు ఉండే ప్రాంతాలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం సిఫారసు చేయాలి. ఆ డబ్బు ఎంపీ చేతికి రాదు. ఆయన సిఫారసు చేస్తారు, జిల్లా యంత్రాంగం మంజూరు చేస్తుంది. అందుకని కొన్ని కోట్ల కాజ్‌వే ‘తెచ్చారు’ అంటే అది ఈ కోటాలోది కాదని మీకే అర్థమవుతుంది. ఏ పద్దు కిందిదో, పరిపాలనా అనుమతి జీవో నంబరెంతో, టెండరు పిలిచారో లేదో అడగండి. మన దగ్గర ఇంకో మెలిక ఉంది. ఏటిగట్టు మీదా, గోదావరి పాయల్లోనూ ఏం కట్టాలన్నా 1884 నాటి నదుల పరిరక్షణ చట్టం కింద ధవళేశ్వరం హెడ్‌వర్క్స్ వాళ్ళ అనుమతి కావాలి. దాని కోసం మూలుగుతున్న ఫైళ్ళు ఎన్ని చూశానో! కొబ్బరికాయ కొట్టేశారు, శిలాఫలకం వేసేశారు అంటే ఆ కాగితం వచ్చినట్టు కాదు.

మంజూరుకీ పూర్తవడానికీ మధ్య దూరం డెల్టా వాళ్ళకి వేరే చెప్పాలా? కోటిపల్లి నుంచి నరసాపురం రైలుమార్గం బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్న రోజుల్లో, 2000-01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడింటి మీదా వంతెనలు కావాలి, ఖర్చులో 25 శాతం రాష్ట్రం పెట్టాలి. అప్పట్నుంచీ ఎన్నికైన ప్రతి ఒక్కరి కరపత్రంలోనూ ఆ లైను ఉంది.

ఆరోగ్యం భాగానికొస్తే, అంబులెన్సు ఎంపీ నిధుల్లోంచే కొనొచ్చు, తప్పు లేదు, మంచిదే. కాకపోతే డ్రైవరు జీతం, డీజిలు ఆ నిధుల్లోంచి రావు. ఆసుపత్రికి వెళ్ళి బండి తిరుగుతోందా, షెడ్డులో ఉందా అని చూసి రండి. వైద్య సాయం చెక్కులేమో మామూలుగా ముఖ్యమంత్రి సహాయ నిధివి అయి ఉంటాయి. డబ్బు ఎంపీది కాదు. కానీ దరఖాస్తు సరిగ్గా నింపించి, బిల్లులు జతచేసి, వారం తిరక్కుండా పంపే ఆఫీసు ఉండటం మాత్రం ఆయన గొప్పే. కొన్ని ఆఫీసుల్లో ఆ కాగితాలు నెలలు పడుంటాయి, ఈలోగా పేషెంటు తాళిబొట్టు తాకట్టుకి వెళ్తుంది. అందుకే ఎన్ని చెక్కులని కాదు, దరఖాస్తు ఇచ్చిన ఎన్నాళ్ళకి వచ్చిందని తీసుకున్నవాళ్ళనే అడగండి.

ఎంపీకి ఆరోగ్యం మీద నిజమైన పట్టు ఉండే చోటు ఒకటుంది, పుస్తకాల్లో అది కనిపించదు. జిల్లా అభివృద్ధి సమన్వయ, పర్యవేక్షణ కమిటీ. ‘దిశ’ కమిటీ అంటారు. ఆ మధ్య మహిళల భద్రత కోసం వచ్చిన యాప్ కాదండోయ్, ఇది వేరు. లోక్‌సభ ఎంపీ అధ్యక్షుడు, కలెక్టరు కార్యదర్శి, మూడు నెలలకోసారి జరగాలి. జాతీయ ఆరోగ్య మిషన్, జలజీవన్ లాంటి కేంద్ర పథకాలన్నీ అందులో సమీక్షకు వస్తాయి. సమాచార హక్కు కింద ఆ మినిట్స్ తీసుకుంటే మీ ఎంపీ ఏం అడిగారో, జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌వో) ఏం చెప్పారో తెలుస్తుంది. ఏడాదికి నాలుగు జరగాల్సినవి ఒకటో రెండో జరిగితే ఇంక పుస్తకం ఎంత మందంగా ఉంటే ఏం లాభం?

అక్కడ అడగాల్సినవి మనకి లోటా? ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేశాక ఊరి మంచినీళ్ళ చెరువే దిక్కు. అది అడుగంటే లోపు, పక్కనున్న ఆక్వా చెరువుల నీళ్ళు దాంట్లో కలవకుండా ఎవరు చూస్తున్నారు? నీటి పరీక్షల రిపోర్టులు పంచాయతీ బోర్డు మీద ఎందుకు పెట్టరు? ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు కదా, ఆ లోపే లంకల్లో నెలలు నిండినవాళ్ళని ఆసుపత్రికి చేర్చే జాబితా తయారుగా ఉందా? వరదలో పాములు ఇళ్ళల్లోకొస్తాయి, పీహెచ్‌సీలో పాముకాటు ఇంజెక్షన్లు ఎన్ని ఉన్నాయి? డయాలసిస్ మనిషి పడవ మీద ఎలా వస్తాడు? ఏరియా ఆసుపత్రి లోపలి సంగతులైతే అక్కడి అభివృద్ధి కమిటీలో సాధారణంగా ఎమ్మెల్యేనే అధ్యక్షుడు కాబట్టి, ఫ్యాన్లూ బాత్రూములూ ఆయన్ని అడగండి.

ఇక మీరేం చేయాలంటే, ఆ పుస్తకంలో ‘లేఖ రాశారు’ అని ఉన్నచోటల్లా జవాబు కాపీ అడగండి. ఎంపీ రాసిన ఉత్తరం అందినట్టు కేంద్ర శాఖలు 15 రోజుల్లో తెలియజేయాలి, ఆపైన ఇంకో 15 రోజుల్లో జవాబివ్వాలి, అది వాళ్ళ కార్యాలయ పద్ధతిలోనే ఉంది. కాబట్టి రాసి ఏడాదైనా జవాబు లేదంటే, అయితే రాయలేదు, లేకపోతే మళ్ళీ గుర్తుచేయలేదు.

మీరు కూడా ఒక ప్రశ్న రాసివ్వండి. బాలింతల జాబితా లీకు గానీ, ఖాతాలు స్తంభించిపోవడం గానీ, ఏదో ఒక్కటే తీసుకోండి. ఒక పేజీ దాటొద్దు. ఫిర్యాదు నంబరు, తేదీ వేయండి, ఆధార్ జిరాక్సులూ బ్యాంకు పాసుబుక్కులూ జతచేయకండి, ఆ కాగితాలు ఎవరి చేతుల్లోకి వెళ్తాయో తెలీదు. లోక్‌సభలో ప్రశ్నకి పూర్తి 15 రోజుల ముందు నోటీసివ్వాలి కాబట్టి సమావేశాలు మొదలయ్యాక తీసుకెళ్తే ఉపయోగం లేదు. వర్షాకాల సమావేశాలు మామూలుగా జూలైలో ఉంటాయి. జూన్ మొదటి వారంలోనే ఎంపీ గారి పీఏకి ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి.